ఆత్మీయ మాస్టారు

మండలానికి ఒకరైనా ఉంటారు ఈయన. ఎమ్మార్సీలో, అంటే మండల వనరుల కేంద్రంలో, ఐదు రోజుల ట్రైనింగు ముగించుకుని బడికి వచ్చేసరికి చంకలో చార్టుల చుట్ట, సంచీలో స్కెచ్ పెన్నులు, మొహాన కొత్త చిరునవ్వు. తరగతిలో సత్సంబంధాల మీద ఆయనకున్నంత నమ్మకం ఆ ట్రైనింగు మాడ్యూలు రాసినవాళ్లకైనా ఉందో లేదో!

వచ్చీ రాగానే బెంచీలన్నీ అర్ధచంద్రాకారంలోకి మారతాయి. రెండు కొసల్లో కూర్చున్నవాళ్లకి బోర్డు కనపడదు. అందరికీ అందరి మొహాలూ కనపడతాయి కదా, అది చాలంటారాయన. ఆపైన చప్పట్లు. వాన చప్పట్లు, పువ్వు చప్పట్లు, రైలు చప్పట్లు. జవాబు తప్పు చెప్పినా చప్పట్లే. ఏది ఒప్పో తెలుసుకోవాలంటే పాపం పిల్లలు ఇంటికెళ్లి గైడు తిరగేసుకోవాలి.

పిల్లలందర్నీ "నాన్నా" అనే పిలుస్తారు, ఆడపిల్లల్ని కూడా. ఎంత ప్రేమో అనుకునేరు. పేర్లు గుర్తుండవు. "నాన్నా, నువ్వు చెప్పు" అంటే వరస వరసంతా లేచి నిలబడుతుంది. యాప్‌లో హాజరు వేసేటప్పుడు మాత్రం క్లాసు లీడరు పక్కన నిలబడి ఏ నాన్న ఎవరో చెప్పాలి.

ఒకసారి "ఇకమీదట నన్ను సార్ అనొద్దు, అన్నయ్యా అనండి" అని ప్రకటించారు. క్లాసంతా బిక్కమొహం వేసింది. మూడో బెంచీ పిల్ల లేచి, "మా అమ్మ మిమ్మల్ని అన్నయ్యగారూ అంటదండి. అప్పుడు మీరు నాకు మావయ్య కదండీ?" అంది. వరస కుదరక ఆ సంస్కరణ ఆ పూటే ఆగిపోయింది.

ఆయన బల్లమీద ఎప్పుడూ 'రైలుబడి' పుస్తకం ఉంటుంది. అందులో కోబయాషి మాస్టారు, కొత్తగా చేరవచ్చిన టోటోచాన్ చెప్పే కబుర్లు నాలుగు గంటలపాటు ఓపిగ్గా వింటారు. ఆ ఘట్టం మనవారిని ఎంత కదిలించిందంటే, పిల్లలు చెప్పేది పెద్దలు ఎలా వినాలో పొద్దున మొదలుపెట్టి భోజనం గంట దాకా పిల్లలకే చెప్పారు. మధ్యలో ఒకడు చెయ్యెత్తితే, "చివర్లో అడుగు నాన్నా" అన్నారు. వాడికి ఒంటేలు వస్తోంది.

ఇక క్రమశిక్షణ. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను ఆయనకి కంఠతా వచ్చు. పిల్లల్ని కొట్టకూడదు, మానసికంగానూ వేధించకూడదు. మంచి చట్టం. తొడపాశాలూ గోడకుర్చీలూ రుచి చూసినవాణ్ణి గనక పాత రోజులే నయమని నేను పొరపాటున కూడా అనను. కానీ ఈ మాస్టారి పద్ధతి ఏ సెక్షను కిందికి వస్తుందో ప్లీడర్లు తేల్చాలి. హోంవర్కు చెయ్యనివాణ్ణి దగ్గరికి పిలుస్తారు. భుజమ్మీద చెయ్యేస్తారు. "నేను కోప్పడను నాన్నా. బాధపడతాను" అంటారు. అని, నిజంగానే కూర్చుని బాధపడతారు. కళ్లజోడు తీస్తారు. కిటికీలోంచి బయటికి చూస్తారు. క్లాసులో ఈగ కూడా ఎగరదు. ఎంతకీ ఆ బాధ తగ్గదు. చివరికి వాడే తట్టుకోలేక, "ఇరవై గుంజీలు తీసేస్తానండి, మీరు మామూలుగా అయిపోండి సార్" అని చెవులు పట్టుకుంటాడు. "వద్దు నాన్నా" అంటూ ఆయన ఇంకాస్త బాధపడతారు. అందుకని పిల్లలు వంతులేసుకున్నారు. రోజుకి ఒకరు హోంవర్కు చేస్తారు, మిగతావాళ్లు ఎక్కించుకుంటారు. ఆయన సంతోషమే వాళ్లకి కావాలి.

గుమ్మం పక్కన బూట్ల డబ్బాకి రంగు కాగితం అంటించి 'మనసులో మాట' అని రాసిపెట్టారు. శనివారం సాయంత్రం విప్పుతారు. "గుడ్డు సరిగ్గా ఉడకలేదు." "ఫ్యాను కిర్రుమంటోంది." "నా రబ్బరు ఎవరు తీశారో నాకు తెలుసు." వీటిలో ఆత్మీయత వెతకడం ఆయనకీ కష్టమే. ఒక చీటీ మాత్రం ఆయన్ని కరిగించేసింది. "మా సార్ చాలా మంచివారు. భిన్నాలు ఎప్పుడు చెప్తారు?" మొదటి వాక్యాన్ని జాగ్రత్తగా కత్తిరించి చార్టుమీద అతికించారు. అది ఫొటో తీసి టీచర్ల గ్రూపులో పెడితే ఇరవై చేతులు దణ్ణం పెట్టాయి.

ఆ ఫొటో చలవే కాబోలు, తర్వాతి ట్రైనింగుకి ఆయన్నే రిసోర్స్ పర్సన్‌గా వేశారు. మళ్లీ ఐదు రోజులు. అక్కడ వెనక వరసలో కునుకు తీస్తున్న ఉపాధ్యాయుల్ని చూసి "నేను కోప్పడను, బాధపడతాను" అన్నారట. వాళ్లు పిల్లలు కాదు గనక తట్టుకున్నారు. టీ ఎప్పుడని అడిగారు.

ఆ ఐదు రోజులూ ఇక్కడ పక్క క్లాసు టీచరమ్మ రెండు క్లాసుల్నీ కలిపి కూర్చోబెట్టి, బెంచీలు బోర్డువైపు తిప్పించి, భిన్నాలు మొదటినుంచి చివరిదాకా లాగించేసింది. కూడికలు, తీసివేతలు, అన్నీ.

సోమవారం మాస్టారు వచ్చారు. బెంచీలు అప్పటికే అర్ధచంద్రాకారంలో ఉన్నాయి.

"నేను లేకపోతే ఎలా ఉంది నాన్నా?"

"ఏం తోచలేదు సార్!" అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

"ఈవేళ భిన్నాలు మొదలుపెడదామా?"

లీడరు వెనక్కి తిరిగి క్లాసుకేసి ఒక్క చూపు చూశాడు. "మొదలుపెట్టండి సార్. అసలు భిన్నం అంటే ఏంటి సార్?"