పెళ్లికి కావాలి, పెళ్లికొడుకుగా వద్దు

మొన్న దేవరకొండలో ఒక పెళ్లికి పోయాను. ముహూర్తం పది గంటల నలభై రెండు నిమిషాలకు. సరిగ్గా ఆ నిమిషానికే బాజాలు జోరందుకున్నాయి, అక్షింతలు గుప్పిళ్లలోకి వచ్చాయి, పెళ్లికొడుకు జీలకర్ర బెల్లం పట్టుకుని చెయ్యెత్తాడు. అప్పుడు కెమెరా వెనక నుంచి ఒక గొంతు: "అన్నా, జెర ఆగు. ఫోకస్ పోయింది."

అంతే. మంత్రం ఆగింది, బాజా ఆగింది, పైన గ్రహాలు కూడా ఆగే ఉంటాయి. పెళ్లికొడుకు చెయ్యి గాలిలోనే ఉంది. బెల్లం కారి మోచేతి దాకా వచ్చింది. మూడు నిమిషాల తర్వాత "ఆ, ఇగ పెట్టుండ్రి" అని అనుమతి దొరికింది. పెళ్లయింది.

ఆ కెమెరా పక్కన లైటు పట్టుకుని నిలబడ్డవాడు మా మేనల్లుడు. ఇంటర్ ఎంపీసీ. రెండు పెళ్లి సీజన్లుగా లైటు మోస్తున్నాడు. ఫంక్షన్ హాలు పచ్చలైట్ల కింద తెల్ల పంచె కాలిపోయినట్టు కాకుండా, చామనచాయ ముఖం మసిబారకుండా లైటు ఎక్కడ పెట్టాలో వాడికి తెలుసు. ఇది ఎంపీసీ సిలబస్‌లో లేదు కాబట్టి మా ఇంట్లో దీన్ని తెలివి అనరు, తిరుగుడు అంటారు.

రిజల్ట్స్ వచ్చిన రోజు వాడు నోరు విప్పాడు. "నేను ఫొటోగ్రఫీ చదువుతా. తర్వాత సినిమా."

మా బావ చేతిలో చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ఫొటోలు తీసుడు చదువా?"

ఈ బావే తన పెద్దబిడ్డ పెళ్లికి ఫంక్షన్ హాలు కన్నా ముందు ఫొటోగ్రాఫర్‌కు అడ్వాన్సు ఇచ్చినవాడు. ఆయనకు డేట్లు కుదరవంటే లగ్గమే రెండు వారాలు వెనక్కి జరిపినవాడు. ఇప్పటికీ చుట్టాలొస్తే చాయ్ కన్నా ముందు కరిజ్మా ఆల్బమ్ తెచ్చి ఒళ్లో పెడతాడు. అదే బావ, మొన్న చిన్నబిడ్డకు వచ్చిన సంబంధాన్ని వద్దన్నాడు. పిల్లగానికి సొంత స్టూడియో ఉంది, డ్రోన్ ఉంది, అప్పు లేదు. "పోరడు మంచోడే. గాని ఫొటోగ్రాఫర్" అన్నాడు. అంటే పెళ్లికి ఫొటోగ్రాఫర్ కావాలి, పెళ్లికొడుకుగా మాత్రం వద్దు.

ఇంట్లో పంచాయితీ పెట్టాం. ముందుగా డల్లాస్ నుంచి మా పెద్దనాయిన కొడుకు వీడియో కాల్‌లోకి వచ్చాడు. "ఇక్కడైతే కమ్యూనిటీ కాలేజీ ఉంటది బావా. ఇంటికి దగ్గర, ఫీజు తక్కువ, రెండేండ్లు. ఫొటోగ్రఫీ, సినిమా అన్నీ నేర్పుతరు. నచ్చితే తర్వాత యూనివర్సిటీకి మారొచ్చు."

బావ ముఖం వెలిగింది. "మరి మన కమ్యూనిటీకి ఉందా కాలేజీ?"

ఆయన తప్పేం లేదు. మన దగ్గర కమ్యూనిటీ అంటే మీసేవలో ఇచ్చే సర్టిఫికెట్. లేదంటే టౌన్లో కులానికొకటి కట్టిన భవనం. మన దేశంలోనూ కమ్యూనిటీ కాలేజీలు లేకపోలేదని, మొదటిది 1995లోనే పుదుచ్చేరిలో వచ్చిందని చెప్పాను. "అండ్ల మన కోటా ఎంత?" అన్నాడు. నేను టాపిక్ మార్చాను.

ఉదాహరణలతో కొడదామని చూశాను. "రాజా దీన్‌దయాళ్ పేరు విన్నవా బావా? ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్. నిజాం ఆయనకు 'రాజా బహదూర్ ముసవ్వర్ జంగ్' అని బిరుదు ఇచ్చిండు. ఫొటోలు తీసే రాజా అయిండు."

"ఏం చదివిండు?"

ఇక్కడ దొరికిపోయాను. "రూర్కీల... ఇంజినీరింగ్ కాలేజీ. తర్వాత ఇండోర్‌ల పబ్లిక్ వర్క్స్ కొలువు."

"చూసినవా! ముందు ఇంజినీరింగ్, తర్వాత సర్కారు కొలువు, ఆ తర్వాతనే కెమెరా."

శేఖర్ కమ్ములను దించాను. 2000లో 'డాలర్ డ్రీమ్స్'తోనే జాతీయ అవార్డు కొట్టాడన్నాను. ఆయనా ముందు మెకానికల్ ఇంజినీరింగే, ఆ పైన అమెరికాలో కంప్యూటర్ చదువు, దాని పైన సినిమా చదువు. సందీప్ రెడ్డి వంగా అన్నాను. ఆయన ఫిజియోథెరపీ. బావ చాయ్ తాగుతూ వేళ్లు మడుస్తున్నాడు. చివరి బాణంగా 'బాహుబలి' కెమెరామెన్ సెంథిల్ కుమార్ పూణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివాడని, 1960లో ప్రభాత్ స్టూడియో జాగాలో సర్కారే పెట్టిన బడి అదని చెప్పాను. అందులో సినిమాటోగ్రఫీలో చేరాలంటే ఏం కావాలని అడిగాడు. డిగ్రీ, ఆ మీద ప్రవేశ పరీక్ష అన్నాను.

"గదే నేను చెప్పేది" అన్నాడు బావ. నేను తెచ్చిన సాక్షులందరూ ఆయన తరఫునే మాట్లాడి పోయారు.

అప్పుడు గుర్తొచ్చింది బి. నర్సింగరావు. 'మా భూమి' తీయించినవాడు, 'దాసి' తీసినవాడు. ఇంజినీరింగ్ కాదు, హైదరాబాద్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో బొమ్మలు నేర్చుకున్నాడు. ఆ కాలేజీయే ఇప్పుడు మాసాబ్ ట్యాంక్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ అనే యూనివర్సిటీలో ఉంది. ఇంటర్ అయిన పిల్లలకు నాలుగేండ్ల బీఎఫ్ఏ, అందులో ఫొటోగ్రఫీ కూడా ఉంది. ఫాడీ అని ప్రవేశ పరీక్ష రాయాలి. ఇదంతా బావకు చెప్పాను.

బావ కాసేపు మాట్లాడలేదు. 'మా భూమి' ఆయన వాళ్ల నాయినతో కలిసి చూసిన సినిమా. తర్వాత తెలుగువాడికి ఎప్పుడూ అక్కరకొచ్చే మాట అన్నాడు. "ఆ రోజులు వేరు."

అక్క మధ్యేమార్గం చెప్పింది. "దోస్త్‌ల పెట్టరాదు?" 2016 నుంచి డిగ్రీ సీట్లు చాలావరకు దోస్త్ అనే వెబ్‌సైట్‌లోనే కదా. సర్కారు మన పిల్లలకు దోస్తును కూడా ఆన్‌లైన్‌లోనే ఇచ్చింది. "నాకు వేరే దోస్తులున్నరమ్మా. వాళ్లు చెడగొట్టిందే చాలు" అన్నాడు వాడు.

చివరికి ఒక ప్రైవేటు ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ చూసొద్దామని మల్లేపల్లి మీదుగా బస్సులో నూరు కిలోమీటర్ల పైన కూర్చుని హైదరాబాద్ పోయాం. గేటు దగ్గరే క్లాప్ బోర్డు, ఆరడుగులది. రిసెప్షన్‌లో అద్దాల పెట్టెలో పెద్ద సినిమా కెమెరా, దేవుని గదిలో విగ్రహంలా. కౌన్సెలర్ మేడం ఏసీ పెంచి, గొంతు తగ్గించి, ఫీజు చెప్పింది. మా బావ రెండెకరాల చెలక కళ్ల ముందు తిరిగి వచ్చింది.

"కెమెరాలు ఎన్నున్నయి మేడం?"

"ఇండస్ట్రీ స్టాండర్డ్ సర్."

"ఒక్కో కెమెరాకు ఎంతమంది పిల్లలు?"

"వంద శాతం ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్ సర్."

"సర్టిఫికెట్ ఏ యూనివర్సిటీది?"

"మన ఫౌండర్ గారే స్వయంగా సంతకం పెడ్తరు సర్."

బయటికొస్తుంటే పోరడు నా చెవిలో అన్నాడు. "మామా, అద్దాల పెట్టెల కెమెరా చూసినవా? దానికి లెన్స్ లేదు. మూత పెట్టిండ్రు."

నేను కౌన్సెలర్ ముఖం చూస్తూ అరగంట కూర్చున్నాను. వాడు అరనిమిషంలో కాలేజీని చూశాడు.

తిరుగు బస్సులో బావ కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. దేవరకొండ దగ్గర పడుతుంటే కోట కనిపించింది. పద్మనాయక రాజులు శత్రువు ఎక్కకుండా ఏడు గుట్టల నడుమ కట్టిన కోట. ఇప్పుడు దాన్ని ప్రీ-వెడ్డింగ్ జంటలు లెహంగా ఎత్తి పట్టుకుని ఎక్కేస్తున్నారు. వెనక ఒక పిల్లగాడు రిఫ్లెక్టర్ మోస్తూ, ముందు ఒకడు వెనక్కి నడుస్తూ.

"వెనక్కి నడిచేటోనికి కింద రాయి తగిలితే?" అన్నాడు బావ, ఉన్నట్టుండి.

"అలవాటైతది నాయినా. కాలు ముందే చూసుకుంటది" అన్నాడు వాడు.

ఇంటికొచ్చాక ఎప్పటిలాగే తీర్పు వచ్చింది. ముందు ఎంసెట్ కౌన్సెలింగ్. దాని పేరు ఎన్నిసార్లు మార్చినా మా ఇంట్లో అది ఎంసెట్టే. ఫైలులో పెట్టడానికి పాస్‌పోర్టు ఫొటోలు కావాలి. స్టూడియో మూసి ఉంది. పెళ్లిళ్ల రోజు కదా, వాళ్లంతా ఎక్కడో ముహూర్తాలు ఆపుతుంటారు. వాడే వాకిట్లో నీలం దుప్పటి కట్టాడు, పక్కకు తెల్ల బనీను ఆరేసి వెలుతురు ముఖం మీదికి తిప్పాడు, ఫోన్ స్టూలు మీద పెట్టి టైమర్ నొక్కాడు. చీకటి పడకముందే ఎనిమిది కాపీలు అచ్చు వేయించుకొచ్చాడు.

బావ ఒక కాపీ తీసుకుని దూరం పెట్టి, దగ్గర పెట్టి చూశాడు. "మంచిగొచ్చింది. ఎంత తీసుకున్నడు?"

"నేనే తీసిన. అచ్చుకే పైసలిచ్చిన."

బావ నాలుగు కాపీలు ఎంసెట్ ఫైలులో పెట్టాడు. మిగతా నాలుగు అక్క చెత్తలో వేయబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండనియ్యి. ఆ బొమ్మల కాలేజోళ్లు గూడ ఫొటో అడుగుతరేమో."