ఝరాసంగం తక్కెడ సారు

కేతకీ సంగమేశ్వరునికి గుండం పూజ చేయించుకొని బయటికొచ్చినవాళ్లు చాయ్ కోసం ఏ హోటల్లో కూర్చున్నా, ఒక మూలన ఆయన కనబడతాడు. కళ్లద్దాలు నుదుటి మీద, ఫోను ముక్కుకు జానెడు దూరంలో, జేబులో ఎర్ర రీఫిల్ పెన్ను. ఊళ్లో అసలు పేరుతో పిలిచేవాళ్లు తక్కువ, అందరికీ తక్కెడ సారే. ఇలాంటివాడు ప్రతి మండలంలోనూ ఒకడుంటాడు కాబట్టి ఇది చదివి ఎవరూ భుజాలు తడుముకోనక్కర్లేదు.

రాజకీయ సమాచారం ఇచ్చే వెబ్‌సైట్ల మీద తీర్పులు చెప్పడం ఆయన పని. ఏది పట్టించుకోదగ్గది, ఏది కాదు, ఏది నిష్పక్షపాతం, ఏది అమ్ముడుపోయింది, అన్నీ ఒక్క చాయ్ గడువులో తేలిపోవాలి. అప్పీలు లేదు.

2003లో మొదలైన తెలుగు వికీపీడియాలోనూ ఈ పంచాయితీ నడుస్తూనే ఉంటుంది. వాళ్ల చర్చావేదిక పేరు కూడా రచ్చబండే. కాకపోతే అక్కడ పద్ధతి వేరు. ఒక సంస్థ మీద వ్యాసం ఉండాలా వద్దా అన్నప్పుడు, దానితో ఏ సంబంధమూ లేని పత్రికలు, పుస్తకాలు దాని గురించి వివరంగా రాశాయా అని చూస్తారు. అది మంచిదా చెడ్డదా అని అడగరు. సారుకు అంత ఓపిక లేదు. సైటు తెరవగానే వెతికే గడిలో ‘ఝరాసంగం’ అని కొడతాడు. ఏమీ రాకపోతే ఒత్తు తీసేసి ‘జరాసంగం’ అని కొడతాడు. అప్పటికీ రాకపోతే కేసు కొట్టేసినట్టే. “మన ఊరే ఎర్కలేనోనికి రాజకీయం ఏం ఎర్క తమ్మీ?”

నిష్పక్షపాతం సంగతికొస్తే ఆయనకు మైనేతా అనే సైటుతో పాత తగాదా ఉంది. ఆ సైటు నడిపే ఏడీఆర్ అనే సంస్థను 1999లో అహ్మదాబాద్ ఐఐఎం ప్రొఫెసర్లు కొందరు పెట్టారు. అభ్యర్థుల కేసులు, ఆస్తులు, చదువు ఓటరుకు తెలియాలని 2002లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది కూడా వాళ్లు మొదలుపెట్టిన కేసులోనే. ఆ సైటులో కనబడేదంతా నామినేషన్‌తో పాటు అభ్యర్థి తానే సంతకం పెట్టి ఇచ్చిన ఫారం 26 లోని లెక్క. సారు ఆ పేజీని జిరాక్స్ సెంటర్లో అచ్చు తీయించి, తన నాయకుడి అప్పుల వరుస కింద ఎర్ర గీత కొడతాడు.

“ఇది అవతలి పార్టోడు రాయించిండు.”

“సారూ, కింద సంతకం మనోనిదే గదా?” అంటాడు జిరాక్స్ కుర్రాడు.

“సంతకం మనోనిదే. సైటు మాత్రం ఆనిది.”

2024 మార్చిలో ఆయన మీద పెద్ద పనే పడింది. జహీరాబాద్ ఎంపీగా 2014లోనూ 2019లోనూ టీఆర్ఎస్ తరఫున గెలిచిన బి.బి. పాటిల్ బీజేపీలో చేరారు. అప్పటిదాకా అమ్ముడుపోయిన సైట్లలో సగం రాత్రికి రాత్రి నమ్మకస్తులయ్యాయి, నమ్మకస్తుల్లో సగం అమ్ముడుపోయాయి. ఆ వారమంతా ఎర్ర పెన్నుకు తీరిక లేదు. జూన్‌లో కాంగ్రెస్ అభ్యర్థి సురేష్ షెట్కార్ గెలిచాక మళ్లీ మొదటినుంచి లెక్క సరిచూసుకోవాల్సి వచ్చింది.

పార్లమెంటు హాజరు, ప్రశ్నల లెక్కలు చూపించే పీఆర్ఎస్ అనే సైటు కూడా ఆయన చేతికి చిక్కింది. ఒక కేంద్ర మంత్రి హాజరు గడి ఖాళీగా ఉందని చూసి మండిపడ్డాడు. “ఒక్కనాడు గూడ సభకు పోలేదట! గిది పరువు తీసుడు కాదా?” మంత్రులు హాజరు పుస్తకంలో సంతకం చేయరు, అందుకే అక్కడ అంకె ఉండదు. ఆ ముక్క అక్కడే రాసి ఉంటుంది, కాకపోతే చిన్న అక్షరాల్లో. కళ్లద్దాలు నుదుటి మీదే ఉండిపోయాయి.

అయినా ఆయన అడిగే ఒక్క ప్రశ్నను మాత్రం కాదనలేం. “పైసలు ఎవరియి?” సైటు ఎవరిది, ఖర్చు ఎవరు పెడుతున్నారు అని చూడనివాడు నిష్పక్షపాతం గురించి మాట్లాడకూడదు. చిత్రమేమిటంటే, పార్టీలను ఇదే ప్రశ్న అడుగుతూ ఎన్నికల బాండ్ల మీద కోర్టుకు వెళ్లినవాళ్లలో సారుకు గిట్టని ఆ ఏడీఆర్ ఉంది. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. మరుసటి నెలలో ఏ పార్టీకి ఎంత ముట్టిందో బయటపడ్డాక, ఆ ప్రశ్న హోటల్లో కొన్నాళ్లు వినిపించలేదు.

ఇంతకీ వికీపీడియా పద్ధతిలో చూసినా గట్టిగా నిలబడే సంస్థ ఒకటి సొంత మండలంలోనే ఉంది. మాచ్నూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో, 2008 అక్టోబర్ 15న మొదలైంది. విద్యాసంస్థలవి కాని సముదాయ రేడియోల్లో దేశంలో అదే మొదటిది. దూరదూరాల నుంచి పత్రికలవాళ్లు వచ్చి దాని మీద రాసుకుపోయారు. సారుకు ఇదంతా చెబితే పెదవి విరుస్తాడు. “మాచ్నూరుదే గదా! హైదరాబాద్‌ల ఆఫీసున్నదా?”

ఏ సైటునూ నమ్మబుద్ధి కానివాళ్లకు దారి లేకపోలేదు. అభ్యర్థులిచ్చిన అఫిడవిట్ల నకళ్లు ఎన్నికల సంఘం పోర్టల్‌లో ఎవరికైనా ఉచితంగానే దొరుకుతాయి. ఝరాసంగం వెళ్లినప్పుడు ఆ పేజీ సారుకు ఒకసారి చూపించండి. జిరాక్స్ ఖర్చు మాత్రం మీరే పెట్టుకోండి.