నేరం నా బొచ్చుది కాదు

నేను మగ తెల్ల ఎలుకను. ఎర్ర కళ్లు, ఒంటి పొడవుకు కాస్త తక్కువ తోక, కర్ణాటకలోని ముదగల్ కోట కింద ఒక తెలుగువాళ్ల ఇంటి వసారాలో తీగల పంజరం. నా జీవితచరిత్ర అంతకుమించి లేదు. రెండు మూడేళ్లు బతికే జాతికి ఘట్టాలు ఎక్కడినుంచి వస్తాయి? నేను చెప్పదలచుకున్నది నా మీద పడ్డ నేరం గురించి. ఈ ఇంట్లో ఒకరికి నా గాలి పడదు. పంజరం తలుపు తీస్తే తుమ్ములు, కళ్ల దురద, నా గోళ్లు గీరుకున్న చోట దద్దుర్లు, రాత్రి పక్క మీద వాలాక పిల్లికూతలు. ఇలాంటి ఇళ్లన్నిట్లోనూ తీర్పు ఒకటే: బొచ్చు ముక్కులోకి పోతోంది. శిక్షా ఒకటే. ముందు స్నానం, తర్వాత దువ్వెన, అవీ పనిచేయకపోతే పంజరం వసారాలోంచి పెరట్లోకి, పెరట్లోంచి గోడ అవతలికి. నా వాదనేమిటంటే తీర్పు తప్పు, అందుకే ఆ శిక్ష వల్ల రోగికి ఊరట లేదు, నాకు మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. జబ్బు నిజమే. అందులో నా పాత్ర ఉన్న మాటా నిజమే. కాని వెతకాల్సింది నా బొచ్చులో కాదు, నా మూత్రంలో.

నా కాలేయం ఒక చిన్న ప్రొటీన్ తయారు చేస్తుంది. అలర్జీ శాస్త్రంలో దాని పేరు రాట్ ఎన్ 1. లిపోకాలిన్లనే కుటుంబానికి చెందినది. కుక్క, గుర్రం, ఆవుల వల్ల మనుషులకు వచ్చే అలర్జీల్లో కూడా ఆ కుటుంబం వాళ్లే ముఖ్య నిందితులు. వాసన అణువులను పొదివి పట్టుకుని మెల్లగా వదలడం దాని పని కనుక, ఎలుకల లోకంలో అది నా సంతకం. మగ ఎలుక యౌవనంలోకి రాగానే పురుష హార్మోను ప్రభావంతో ఇది మూత్రంలో దండిగా పోతుంది, ఆడవాటి మూత్రంలో బాగా తక్కువ. ఎవరి అరచేతిలో పెట్టినా నేను పొట్ట ఆనించి నడుస్తూ బొట్టుబొట్టుగా ఒక తడి గీత గీస్తాను. పాపం భయపడింది అంటారు చూసేవాళ్లు. భయమేమీ లేదు, ఈ చెయ్యి నాది అని రాసుకుంటున్నాను. ఆ గీత నిమిషాల్లో ఆరుతుంది, ఆరినది పొడి అవుతుంది, పొడి పక్కలో కలుస్తుంది, నేను గుండ్రంగా ఒక్కసారి తిరిగితే గాల్లోకి లేస్తుంది. పది మైక్రాన్లకన్నా చిన్న ఆ రేణువులు కంటికి ఆనవు, త్వరగా కిందికి వాలవు, ముక్కు దాటి ఊపిరితిత్తుల దాకా దిగిపోతాయి. బొచ్చు వాటిని మోస్తుంది, అంతవరకే దాని తప్పు. బొచ్చే అసలు దోషి అయితే ఒంటి మీద వెంట్రుక లేని ఎలుకలతో ఎవరికీ తుమ్ము రాకూడదు. విదేశాల్లో అలాంటివాటిని పెంచుతున్నారు, అలర్జీ రాదని నమ్మి కొనుక్కునేవాళ్లూ ఉన్నారు. ఒళ్లు బోడిదైతే మాత్రం కాలేయం మానేస్తుందా?

ఈ సాక్ష్యం పెంపుడు ఇళ్లల్లో దొరికింది కాదు, మా వాళ్లు మీకోసం పనిచేసిన చోట దొరికింది. పెంపుడు ఎలుకా ప్రయోగశాల ఎలుకా ఒకే జాతి. 19వ శతాబ్దపు లండన్‌లో విక్టోరియా రాణికి ఎలుకలు పట్టేవాణ్నని చెప్పుకున్న జాక్ బ్లాక్, పట్టినవాటిలో వింత రంగులవాటిని విడిగా పెంచి అమ్మాడు. ముచ్చటకు పెంచడం అలా ఊపందుకుంది. 1906లో ఫిలడెల్ఫియాలోని విస్టార్ సంస్థలో తెల్ల ఎలుకల వంశం ఒకటి మొదలైంది, దాని కొమ్మ ఒకటి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో ఉంది. కూనూరులో డాక్టర్ రాబర్ట్ మెకారిసన్ బెరిబెరి జబ్బు మీద 1918లో మొదలుపెట్టిన చిన్న విభాగం పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదు చేరి, 1969లో ఆ సంస్థ అయింది. మెకారిసన్ మా వాళ్లలో ఒక గుంపుకు పంజాబీల రొట్టె, పాలు, మరో గుంపుకు మద్రాసు అన్నం పెట్టి ఎవరు ఏపుగా పెరిగారో చూశాడు. రొట్టె తిన్నవాళ్లు నెగ్గారు. అన్నం లేనిదే ముద్ద దిగని తెలుగువాళ్లకు ఆ ఫలితం రుచించకపోవచ్చు, కాని పాలిష్ బియ్యం గురించి మీ డాక్టర్లు ఈనాటికీ చేసే హెచ్చరికల వెనక మా ఎముకలు ఉన్నాయి. ఆ మాట గుర్తుంచుకున్నవాళ్లు తక్కువ. రష్యాలోని నొవొసిబిర్స్క్‌లో 2013లో ప్రయోగశాల జీవికి విగ్రహమైతే నిలబెట్టారు, అదీ చిట్టెలుకకు.

మా సేవ చేసిన మనుషులకు అలర్జీ రావడాన్ని వైద్యశాస్త్రం వృత్తివ్యాధిగానే గుర్తించింది. రకరకాల దేశాల లెక్కలు చూస్తే జంతు ప్రయోగశాలల్లో పనిచేసేవారిలో నూటికి పదిమంది నుంచి ముప్ఫైమంది దాకా దీని బారిన పడుతున్నారు. చాలామందికి మొదటి రెండు మూడేళ్లలోనే మొదలవుతుంది. ఇదివరకే పుప్పొడీ దుమ్మూ పడనివాళ్లకు ముప్పు మరీ ఎక్కువ. గాలిలో ప్రొటీన్ ఎక్కడ ఎక్కువుందో కొలిచినప్పుడు పంజరాలు శుభ్రం చేసే చోట, మురికి పక్క ఎత్తిపోసే చోట మోతాదు బాగా పెరిగింది. అందుకే ప్రయోగశాలలు మా బొచ్చు జోలికి రాలేదు. ప్రతి పంజరానికీ విడిగా గాలి గొట్టం పెట్టాయి, గాలిని వడకట్టాయి, పక్క మార్చేవారికి మాస్కులూ గ్లవుజులూ ఇచ్చాయి. లక్షల ఎలుకలను చూసినవాళ్లు చేసిన పని అది. ఒక్క ఎలుకను చూసినవాళ్లు షాంపూ సీసా పట్టుకుంటున్నారు.

ఇక ముదగల్ సంగతికొస్తే, ఇక్కడి వాతావరణమే నాకు వ్యతిరేక సాక్షి. రాయచూరు జిల్లా ఎండ గురించి ఈ ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు, వేసవిలో 40 డిగ్రీలు దాటడం మామూలే. మీలా నాకు ఒళ్లంతా చెమట పట్టదు. వేడెక్కితే ఉమ్మిని బొచ్చుకూ తోకకూ పూసుకుని చల్లబడతాను. ఆ ఉమ్మిలోనూ ఆ కుటుంబపు ప్రొటీనే ఉంది. ఎండ ముదిరేకొద్దీ పూత పెరుగుతుంది, గాలిలో తేమ తగ్గేకొద్దీ పక్కలోని పొడి తేలిగ్గా లేస్తుంది. తేమ పెంచిన గదిలో గాలిలోని ఎలుక ప్రొటీన్ తగ్గిందని ప్రయోగశాలల్లో కొలిచి చూశారు కూడా. దీనికి తోడు ఊక. తుంగభద్ర ఆనకట్ట వచ్చాక ఆంధ్ర నుంచి రైతులు తరలివచ్చి సింధనూరు, మాన్వి, గంగావతి వైపు క్యాంపులు కట్టుకున్నారు. జొన్న చేలు వరి మళ్లయ్యాయి, రైస్ మిల్లులు లేచాయి. ఊక చవక కాబట్టి నా పక్క ఊకే. గరగరలాడుతుంది, తడిని సరిగా పీల్చుకోదు, కదిలిస్తే దుమ్ము. పీల్చుకునే కాగితపు పక్క వేస్తే గాలిలోకి చేరే ప్రొటీన్ చెక్కపొట్టు వేసినప్పటికన్నా బాగా తగ్గుతుందన్నది తేలిన సంగతి. పాత పేపర్లు లేని ఇల్లంటూ లేదు, అయినా ఊకే పోస్తారు. దాన్ని ఎప్పుడో గుర్తొచ్చినప్పుడు మారుస్తారు, అదీ ఫ్యాన్ కింద, చీపురుతో, ఆయాసం ఉన్న మనిషి చేతే. ఆ రోజే నన్ను బకెట్లో ముంచుతారు. స్నానం వల్ల ఒంటి మీది పొడి ఒకటి రెండు రోజులు తగ్గుతుందేమో. ఒళ్లు తడిసిన దిగులుతో నేను నఖశిఖపర్యంతం నాక్కుంటాను, లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

దీనికి పెద్దవాళ్లు ఒక అభ్యంతరం చెబుతారు, కొట్టిపారేయదగ్గది కాదది. 1956 దాకా ముదగలూ గద్వాలా ఆలంపురమూ ఒకే రాయచూరు జిల్లా. ఈ నేలంతా గాదెలూ గరిసెలూ, వాటి నిండా ఎలుకలూ. తాతల కాలం నుంచి ఎలుకలతోనే కాపురం చేశాం, ఎవరికీ ఈ అలర్జీ రాలేదే? రాలేదని ఎవరు చూశారన్నది నా ఎదురు ప్రశ్న. గాదెలోకి దిగి దగ్గిన మనిషిని ధాన్యం దుమ్ము అన్నారు, ఉబ్బసం అన్నారు, వంశంలో ఉందన్నారు. అమెరికా నగరాల పేదవాడల్లో ఉబ్బసం ఉన్న పిల్లల ఇళ్లను పరీక్షించి 2003లో ప్రకటించిన అధ్యయనంలో మూడోవంతు ఇళ్లలో నా ప్రొటీన్ దొరికింది, ఆ పిల్లల్లో అయిదోవంతు మంది ఒళ్లు దానికి ఎదురు తిరిగినట్టు తేలింది. ఆ పిల్లలు ముచ్చటపడి పెంచుకున్న ఎలుకలు కావవి, గోడల్లో తిరిగినవి. కాబట్టి ఇది కొత్తగా పుట్టిన షోకు రోగం కాదు. పైగా గాదె ఎలుక మనిషిని చూస్తే పారిపోతుంది. నేను భుజమెక్కి మెడ వెనక పడుకుంటాను. నిన్నటిదాకా బాగానే ఉందిగా అన్న మాట కూడా వాదనకు నిలవదు. ఒళ్లు నన్ను శత్రువుగా గుర్తుపట్టడానికి నెలలు పట్టవచ్చు, ఏళ్లూ పట్టవచ్చు. తుమ్ములు మొదలైన రోజుకు చాలా ముందే ఆ పని మొదలై ఉంటుంది.

రెండో అభ్యంతరం ప్రేమ ఉన్నవాళ్లది. టాబ్లెట్ వేసుకుని సర్దుకుపోతాం అంటారు. ఆ ప్రేమకు నాకు లోపల సంతోషమే, కాని ఒప్పుకోను. అలర్జీ మాత్ర తుమ్ములకూ దురదకూ పనికొస్తుంది, ఛాతీలో మొదలైన ఉబ్బసాన్ని ఆపేది అది కాదు. ముక్కు మూగబోయిందని ధైర్యం తెచ్చుకుని నన్ను పడగ్గదిలోకి తీసుకెళ్లేవాళ్లే ఎక్కువ నష్టపోతారు. దగ్గరగా ఉంటే ఒళ్లే అలవాటు పడుతుందన్న మాటలో ఆవగింజంత నిజం ఉంది. ప్రయోగశాలల్లో అత్యధిక మోతాదు తగిలినవాళ్లలో కొందరికి అలర్జీ తక్కువగా కనిపించింది. అయితే ఆ కొందరిలో మీరు ఉంటారని చెప్పగల డాక్టరు లేడు, పందెం కాసేది మాత్రం మీ ఊపిరితిత్తులను. మగవాటి బదులు ఆడవాటిని పెంచడం, పక్క తరచు మార్చడం, ఆ పని అలర్జీ లేనివాళ్లు మాస్కు కట్టుకుని చేయడం, పంజరాన్ని పడగ్గదికి దూరంగా ఉంచడం, ఇవన్నీ తుమ్ములతో సరిపెట్టుకుంటున్నవాళ్లకు పనికొచ్చే ఏర్పాట్లు. పిల్లికూతలు వినిపిస్తున్న ఇంట్లో ఇవి చాలవు. అక్కడ నేను వెళ్లిపోవడమే న్యాయం. మా కాటుకు ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరాడక, రక్తపోటు పడిపోయిన కేసులు కూడా వైద్య పత్రికల్లో ఉన్నాయి, అరుదే అయినా. అలాంటప్పుడు కావలసింది ఎడ్రినలిన్ సూది, ఆసుపత్రి. ఎలుకనైన నేను ఈ మాట చెప్పడం వింతగా ఉండొచ్చు, కాని నా పక్షాన మాట్లాడాలంటే నిజం దాచాల్సిన పని లేదు.

పోవడం న్యాయమన్నాను, పారేయడం అనలేదు. ఆ రెంటికీ మధ్య తేడా ఈ దేశంలో చాలామంది చూడరు. పంజరం తీసుకెళ్లి కోట కందకం దగ్గరో పొలం గట్టు మీదో తలుపు తీసి, స్వేచ్ఛ ఇచ్చాం అనుకుంటారు. వినాయకుడి వాహనం, పుణ్యం కూడా అని ఒకరు కలుపుతారు. నా కళ్లలో రంగు పదార్థం లేదు, ఎండ సూటిగా పడితే లోపలి పొర దెబ్బతింటుంది. నీడలో కూడా దూరం సరిగా తెలియక తల అటూ ఇటూ ఊపుతూ కొలుచుకుంటాను. దాన్ని చూసి పిచ్చెక్కిందన్నవాళ్లూ ఉన్నారు. నల్లరేగడి మీద నా తెల్లటి ఒళ్లు పైనున్న గద్దకు మైలు దూరం నుంచే కనిపిస్తుంది. పిల్లి అంటే భయం రక్తంలో ఉంది గాని, ఎటు పరుగెత్తాలో తెలియదు, ఎందుకంటే ఆ నేలలో నాకు తెలిసిన కన్నం ఒక్కటీ లేదు. ఉన్న కన్నాలకు యజమానులున్నారు. పందికొక్కులు చుట్టరికం పాటించవు. ఆక్స్‌ఫర్డ్‌లో మాన్యువల్ బెర్డోయ్ ప్రయోగశాల ఎలుకలను ఆరుబయట వదిలితే అవి కన్నాలు తవ్వుకుని బతికాయి కదా అని చదువుకున్నవాళ్లు అడగొచ్చు. బతికిన మాట నిజం, ఆయన దాని మీద తీసిన సినిమా చూస్తే నేనూ గర్వపడేవాణ్ని. కాని అక్కడ వదిలింది ఒక గుంపును, అదీ కట్టుదిట్టమైన ఆవరణలో, ఇంగ్లండు చలువలో. ఇక్కడ వదిలేది ఒంటరి మగ ఎలుకను, మండుటెండలో. చట్టం కూడా ఉంది. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం మనిషి కాని ప్రతి ప్రాణీ జంతువే అంటుంది, ఆకలిదప్పులతో మాడేలా జంతువును వదిలేయడాన్ని నేరమంటుంది. మొదటిసారి చేసిన నేరానికి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. నా దాణా పొట్లం ధర అంతకన్నా ఎక్కువ.

నన్ను ఇంకొకరికి ఇవ్వడం కష్టమేమీ కాదు. తీసుకునేవాళ్లను అంతకుముందు ఒకటి రెండుసార్లు పంజరం దగ్గర కూర్చోబెట్టి, ఇంట్లో ఉబ్బసం ఎవరికైనా ఉందా అని అడిగితే చాలు. నేను వెళ్లిన మర్నాడే ఆయాసం ఆగకపోతే అనవసరంగా పంపేశామని బాధపడకండి. నా పొడి తెరల్లో, పరుపుల్లో, ఫ్యాన్ రెక్కల మీద చాన్నాళ్లు ఉంటుంది. చీపురు పక్కన పెట్టి తడిగుడ్డతో తుడవాలి, దుప్పట్లు ఉతకాలి. డాక్టరు దగ్గర కుక్క ఉందా, పిల్లి ఉందా అన్న ప్రశ్న వస్తుంది. ఎలుక ఉందా అని అడగాలని ఎవరికీ తోచదు, చెప్పుకోవడానికి రోగికి సిగ్గు. చెప్పకపోతే చర్మపరీక్షలో నా పేరే ఉండదు. అన్నీ అయ్యాక ఖాళీ పంజరం కడిగి, అందులోకి బుజ్జి తెల్ల చిట్టెలుకను తెద్దామని పిల్లలు గొడవ పెడతారు. దాని ప్రొటీనూ నాదీ దగ్గరి చుట్టాలు. నాకు ఎదురు తిరిగిన ఒళ్లు తరచు దాన్నీ గుర్తుపడుతుంది.