తలకు రోకలి చుట్టండి

మానసిక సంక్షోభంలో పడ్డ మనిషికి నాలుగు రోజులు తలదాచుకునే చోటు మన ఊళ్ళల్లో లేదని గిట్టనివాళ్ళు కొందరు ప్రచారం చేస్తున్నారు. శుద్ధ అబద్ధం. పెద్దాసుపత్రికి తోలకుండా, నలుగురి మధ్యే ఉంచి, కొద్దిరోజుల్లో మనిషిని దారికి తెచ్చే ఏర్పాట్లు మనకు తాతల నాటి నుంచీ ఉన్నాయి. వాటికి శిలాఫలకం లేదు, అంతే తేడా.

మొదటిది ఇంటి వెనక గది. గడియ బయటి వైపు ఉంటుంది. కంచం కిటికీలోంచి వెళ్తుంది. చూడ్డానికి వచ్చేవాళ్ళ బెడద ఉండదు, ఎందుకంటే చుట్టాలందరికీ "వాడు బెంగుళూరులో ఉన్నాడు" అని ముందే చెప్పి ఉంటారు. రెండోది భూతవైద్యుడి పాక. అమావాస్యకు అడ్మిషను, పౌర్ణమికి డిశ్చార్జి, మధ్యలో వేపమండలతో ఉదయం ఓ డోసు, రాత్రి ఓ డోసు. ఫీజు రెండు కోళ్ళు, నిమ్మకాయలు అదనం. మూడోది అన్నిటికన్నా పేరున్న వైద్యం, పెళ్ళి. "మూడు ముళ్ళు పడితే అన్నీ సర్దుకుంటాయి" అని పెద్దమ్మ రాసే ఈ చీటీకి ఏ డాక్టరు సంతకమూ అక్కర్లేదు. ఈ మందులో విశేషం ఏమిటంటే, జబ్బు ఒకరికి, వికటించేది ఇంకొకరికి.

నాలుగోది పోలీస్ స్టేషను వరండాలో బల్ల. మానసిక రోగిని ఎట్టి పరిస్థితుల్లోనూ లాకప్‌లో పెట్టకూడదని చట్టం రాసింది కాబట్టి, చట్టాన్ని గౌరవించే ఎస్సైగారు బల్ల మీద కూర్చోబెడతారు. లాకప్పుకీ బల్లకీ మధ్య నాలుగడుగుల దూరం. ఆ నాలుగడుగులే మన రాజ్యం సాధించిన పురోగతి.

ఇన్ని ఉన్నా కుదరలేదంటే, అప్పుడు ఎర్రగడ్డ. ఆంధ్రావాళ్ళకైతే విశాఖ. ఆ పేర్లు ఆసుపత్రుల పేర్లుగా కంటే తిట్లుగానే మనకు ఎక్కువ అలవాటు. మూడు రాత్రులు కంటిమీద కునుకు లేక, చెవిలో గొంతులు వినబడి, గుండె దడదడలాడుతున్న కుర్రాడికి కావలసింది కాస్త మందు, కాస్త నిద్ర, పక్కన భయపడకుండా కూర్చునే మనిషి. మనం అతణ్ణి ఆరుగురు పట్టుకుని ఆటోలో కుక్కి, రెండొందల కిలోమీటర్లు తీసుకెళ్ళి, ఊచల వెనక అప్పజెప్పి వస్తాం. దారిలో అతను గింజుకుంటే, "చూశారా, ఎంత ముదిరిందో" అంటాం.

అయితే గియితే ఇదంతా ఊరివాళ్ళ అజ్ఞానం, ప్రభుత్వానికి బాగా తెలుసు. ఎంత తెలుసంటే, 2017లో మెంటల్ హెల్త్‌కేర్ చట్టం తెచ్చి, 2018 మేలో అమల్లో పెట్టింది. చదివితే కళ్ళు చెమరుస్తాయి. సమాజంలో కలిసి బతికే హక్కు ప్రతి రోగికీ ఉందంటుంది 19వ సెక్షను. ఇల్లు లేదనో, ఇంటివాళ్ళు రానివ్వలేదనో, బయట వసతి గృహాలు లేవనో ఒక మనిషిని ఆసుపత్రిలో ఉంచేయడానికి వీల్లేదంటుంది. అలాంటి గృహాలు ప్రభుత్వమే ఏర్పాటు చేయాలంటుంది. ఎప్పటిలోగా? "సముచిత కాలంలోగా". ఇదే కరెంటు బిల్లు మీద రాసి ఉంటే ఎంత బాగుండేదో! ఆ సముచిత కాలం మొదలయ్యాక మన పట్టణాల్లో ఫంక్షన్ హాళ్ళు లేచాయి, పార్టీ ఆఫీసులు లేచాయి, ఒక్కో విగ్రహం రెండేసిసార్లు ఆవిష్కరణ జరుపుకుంది. రాత్రి రెండు గంటలకు తలుపు తడితే తీసే ఆరు మంచాల ఇల్లు మాత్రం ఏ జిల్లా కేంద్రంలో ఉందో కలెక్టరుగారినే అడగండి. సమీక్షా సమావేశంలో అంతా సక్రమంగా ఉందని నివేదిక చదువుతారు. పిచ్చి కుదిరింది, తలకు రోకలి చుట్టండి అన్నాడట వెనకటికి ఒకడు.

ఈ చట్టానికి ఓ ముందు కథ ఉంది. తమిళనాడు ఏర్వాడిలో దర్గా చుట్టూ వెలసిన ఒక ప్రైవేటు ఆశ్రమానికి 2001 ఆగస్టు 6న తెల్లవారుజామున నిప్పంటుకుంది. లోపలివాళ్ళు గొలుసులతో కట్టేసి ఉన్నారు. 28 మంది పోయారు. దేశం ఉలిక్కిపడింది, సుప్రీంకోర్టు తనంతట తనే కేసు చేపట్టింది. పదహారేళ్ళ తర్వాత వచ్చిన చట్టం గొలుసు ఏ రూపంలోనూ వేయకూడదని 95వ సెక్షనులో తేల్చి చెప్పింది. మంచిదే. గొలుసు తీసిన మనిషి ఎక్కడికి వెళ్ళాలో చెప్పే పని సముచిత కాలానికి వదిలేసింది.

తెలుగువాళ్ళకు ఇంకో సౌకర్యం ఉంది. 2015-16లో నిమ్హాన్స్ దేశవ్యాప్త మానసిక ఆరోగ్య సర్వే చేసింది. 12 రాష్ట్రాల్లో. ఆ పన్నెండులో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. ఆ పన్నెండు రాష్ట్రాల్లో అవసరమైనవాళ్ళలో 70 శాతానికి పైగా మందికి వైద్యం అందడం లేదని తేలింది. మనం లెక్కలోనే లేము గనక మనకు ఆ అవమానం తప్పింది.

అసలు ఆ ఆరు మంచాల ఇల్లు నడపడానికి ఏం కావాలి? కొన్ని గదులు, ఓ వంటమనిషి, రాత్రంతా మెలకువగా ఉండే నర్సు, పిలిస్తే వచ్చే సైకియాట్రిస్టు, తాము ఇదే గండం దాటి వచ్చిన ఒకరిద్దరు. తాళం వేయని తలుపు. వారమో రెండు వారాలో ఉండి, మందు కుదిరి, నిద్ర పట్టి, ఇంటికి వెళ్ళిపోతారు. చిక్కంతా ఇక్కడే ఉంది. ఇందులో కొనడానికి యంత్రం లేదు. యంత్రం లేనిచోట టెండరు లేదు, టెండరు లేనిచోట రిబ్బను లేదు, రిబ్బను లేనిచోట ఎమ్మెల్యే లేడు. మనిషి పక్కన మనిషి కూర్చోవడాన్ని ఏ పద్దు కింద రాయాలో ట్రెజరీకి తెలియదు.

ఇటలీవాళ్ళకు ఎలా తెలిసిందో మరి. 1971లో త్రియెస్తే పిచ్చాసుపత్రికి ఫ్రాంకో బజాలియా అనే డాక్టరు వచ్చేనాటికి లోపల దాదాపు 1200 మంది ఉన్నారు. 1973లో అక్కడి రోగులు, కళాకారులు కలిసి పెద్ద నీలం గుర్రం బొమ్మ చేశారు. ఊళ్ళోకి తీసుకెళ్దామంటే ద్వారంలో పట్టలేదు. ద్వారాన్ని పగలగొట్టారు. మనమైతే గుర్రం కాళ్ళు విరగ్గొట్టి ఉందుం. 1978లో పిచ్చాసుపత్రుల్ని మూసే చట్టమే వచ్చింది. ఇప్పుడు ఆ ఊళ్ళో పేటల్లో కేంద్రాలున్నాయి, రాత్రీపగలూ తెరిచే ఉంటాయి, ఒక్కోదాంట్లో గుప్పెడు మంచాలు. లండన్లో 1995లో ఆడవాళ్ళ కోసమే డ్రేటన్ పార్క్ అనే ఇల్లు తెరిచారు. పిల్లల్ని కూడా వెంట తెచ్చుకోవచ్చు. పిల్లల్ని ఎవరికి వదలాలో తెలియక ఆసుపత్రికి వెళ్ళని తల్లి మన దగ్గర వీధికొకరు ఉంటారు. ఆమె సంగతి ఆలోచించాలంటే ముందు ఆమెకు జబ్బు చేయొచ్చని ఒప్పుకోవాలి కదా.

మనకు ఫోన్ ఉందిగా అంటారు. ఉంది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్, నంబరు 14416. ఆ నంబరు గోడ మీద రాసి పెట్టుకోండి, ఇది వెక్కిరింపు కాదు. ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడతారు, ఓపిగ్గా వింటారు. విన్నాక ఈ రాత్రికి ఎక్కడికి పొమ్మని చెప్పాల్సి వచ్చినప్పుడు, ఫోనెత్తిన పిల్ల చేతిలో ఉన్న జాబితాలో మళ్ళీ ఆ పెద్దాసుపత్రే.

పోనీ, ప్రభుత్వం మనసు మార్చుకుని ఒక ఇల్లు అద్దెకు తీసుకుందనుకోండి. ఎవరిస్తారు? బ్యాచిలర్లకు ఇవ్వం, గుడ్డు తినేవాళ్ళకు ఇవ్వం, కుక్క ఉంటే ఇవ్వం అనే కాలనీ సంక్షేమ సంఘం సాయంత్రానికల్లా అత్యవసర సమావేశం పెడుతుంది. "మాకు సానుభూతి ఉందండీ, కానీ ఆడపిల్లలు తిరిగే వీధి" అంటారు అధ్యక్షులవారు. ఆయన ఇంటి వెనక గది గడియ ఏ వైపుందో ఎవరూ అడగరు.

చివరికి చట్టంలో "సమాజం" మనిషిని చేరదీసిన చోటు ఒకటి దొరికింది. కొత్త భారతీయ న్యాయ సంహితలో, 226వ సెక్షను. అర్జీలు పెట్టి పెట్టి విసిగిన రైతు ఎవరైనా, అధికారి మెడలు వంచడానికే ఆఫీసు ముందు ప్రాణం తీసుకోబోయాడని తేలితే, ఏడాది దాకా సాధారణ జైలు గానీ జరిమానా గానీ రెండూ గానీ, లేదా సమాజ సేవ. అంటే ఆయన పంచాయతీ ఆఫీసు ఆవరణ ఊడుస్తుంటే, పక్కనే ఒక ఉద్యోగి కుర్చీ వేసుక్కూర్చుని చూస్తుంటాడన్నమాట. ఊడ్చినంతసేపూ ఒక ప్రభుత్వ మనిషి తోడు! వచ్చేసారి కేంద్రానికి పంపే నివేదికలో, స్వల్పకాలిక సామాజిక సంరక్షణ అనే గడి కింద, ఆ గంటల్ని కలుపుకోవడానికి ఏ ఆడిటరూ అడ్డు చెప్పడు.