ఆగడం తెలిసినదాన్ని

నన్ను పాలిషింగ్ మెషిన్ అంటారు. పూర్తి పేరు డ్యూయల్ యాక్షన్ పాలిషర్. పేరు వినగానే నేనేదో కారుకు మెరుపు పూస్తానని అనుకుంటారు. నా మీద ఉన్న అపోహలన్నీ అక్కడే మొదలు. నేను పూసేదేమీ లేదు, అరగదీసేదే ఉంది. ఈ కాలపు కారు రేకు మీద ప్రైమర్, రంగు, ఆ పైన అద్దంలాంటి క్లియర్ కోట్ అని పొరలుంటాయి. అన్నీ కలిపినా సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో క్లియర్ కోట్ వాటా ఏ 40, 50 మైక్రాన్లో. తల వెంట్రుక మందం కూడా ఉండదు. ఎండ దెబ్బ నుంచి రంగును కాచేది ఆ పొరే. గీత పోయిందని మీరు సంబరపడతారు. గీత పోలేదు, దాని అడుగు అందేదాకా చుట్టూ ఉన్న పొరను నేను తరిగాను, అంతే. తరిగిన మైక్రాను తిరిగి రాదు. అందుకే మొదటిసారి మెషిన్ కొనేవారు ఏది ఎక్కువ మెరిపిస్తుందని కాక, ఏది తక్కువ తింటుందని అడగాలి. నేను చెప్పదలచిన మాట ఇదొక్కటే.

నెల్లూరు తీరంలో ఈ ప్రశ్న మరీ బరువైనది. మైపాడు, కోడూరు బీచ్‌లకు వెళ్ళొచ్చిన కారు మీద ఉప్పుతడి ఆరి, దానికి సన్నటి ఇసుక అంటుకుంటుంది. కృష్ణపట్నం రేవు దారిలో లారీలు లేపే దుమ్ము దానికి తోడు. ఉప్పుబోరు నీళ్ళతో కడిగి ఎండకు వదిలేస్తే తెల్లమచ్చలు మిగులుతాయి. ఇన్నిటి మీదా పొద్దున్నే పొడిగుడ్డ వేసి తుడవడం మనవాళ్ళ ఆచారం. ఇసుకతో కలిసిన ఆ గుడ్డ గరుకు కాగితంతో సమానం. ఎండలో బానెట్ మీద సాలెగూడులా కనిపించే గుండ్రటి గీతలకు సముద్రాన్ని నిందిస్తారు గానీ, పాపం చాలావరకు ఆ గుడ్డదే. గుడ్డ మారనంతకాలం గీతలు మళ్ళీ పడతాయి, మళ్ళీ నన్ను పిలుస్తారు, మళ్ళీ కొన్ని మైక్రాన్లు పోతాయి. మూలధనం 40 మైక్రాన్లే అయినప్పుడు ఖర్చుపెట్టే చెయ్యి పొదుపుది కావాలి. సముద్రతీరం కదా, తుప్పుకు తట్టుకోవాలంటే బలమైన మెషిన్ ఉండాలనే వాదన ఒకటుంది. రేకులో పుట్టిన తుప్పు నా పరిధిలోది కాదు. పైపొరను ఎంత రుద్దినా అడుగున ఉన్న జబ్బు కుదరదు.

నా పొదుపంతా నా కదలికలో ఉంది. బడిలో భూమికి భ్రమణం, పరిభ్రమణం అని రెండు చెబుతారే, నాకు తగిలించే స్పాంజి ప్యాడ్‌కూ అవే రెండు. ఇరుసుకు కాస్త ఎడంగా అమర్చిన బేరింగు మీద అది చిన్న వలయం చుడుతూనే, తన చుట్టూ తాను వదులుగా తిరుగుతుంది. ఒకచోట గట్టిగా నొక్కారా, తన చుట్టూ తిరగడం ఆగిపోయి వణుకు ఒక్కటే మిగులుతుంది. కొత్తవారు అది చూసి ‘దీనికి దమ్ము లేదు’ అని పెదవి విరుస్తారు. నా గర్వమంతా ఆ ఆగడం మీదే. మా అన్న రోటరీకి ఆ గుణం లేదు. ఒకే ఇరుసు మీద నిమిషానికి 600 నుంచి 3000 చుట్లు తిరుగుతూ, ఎంత నొక్కితే అంత కొరుకుతాడు. రాపిడి వేడి ఒకేచోట పోగవుతుంది. రేకు అంచుల్లో పెయింటు పలచన. ప్లాస్టిక్ బంపరేమో వేడిని పక్కకు పంచలేదు. రోహిణి కార్తెలో కాలిన బానెట్ మీద అన్నను కొత్తచేతికిస్తే, క్లియర్ కోట్ దాటి రంగులోకి దిగడానికి ఎంతోసేపు పట్టదు. ముత్యపు ఛాయ రంగుల్లో ఆ తళుకు చాలావరకు అభ్రకం రేణువులది. గూడూరు, సైదాపురం గనులను ఎరిగిన ప్రాంతానికి అభ్రకం విలువ నేను చెప్పనక్కర్లేదు. దాని మీది పొర పోయిందంటే ఇక పాలిష్‌తో అయ్యే పని కాదు, మళ్ళీ పెయింటు వెయ్యాల్సిందే.

మరి పెయింటింగ్ షెడ్లలో మేస్త్రీలు రోటరీ పట్టుకుంటారెందుకని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కొత్తగా వేసిన పొరను గరుకు కాగితంతో సమం చేశాక ఆ లోతు గీతలు తియ్యడానికి అన్నే సరైనవాడు. మేస్త్రీకి ఏళ్ళ అలవాటు. అంచు దగ్గరికి రాగానే చెయ్యి తనంతట తానే తేలికవుతుంది. ఒకవేళ పొర తెగినా పక్కనే స్ప్రే గన్ ఉంది. ఇంటిముందు చెట్టునీడన సొంత కారు నిలుపుకున్నవారికి ఆ అలవాటూ లేదు, ఆ గన్నూ లేదు. అన్న గంటలో చేసే పనికి నాకు పూట పడుతుందంటారు. ఒప్పుకుంటాను. తప్పు ముదరకముందే కంటపడే వ్యవధి ఆ నిదానంలోనే దొరుకుతుంది. పైగా అన్న వదిలిన గుండ్రటి నీడలు తుడవడానికి చివరికి నన్నే తెస్తారు. ఇంట్లో ఉన్న గ్రైండర్‌కే ప్యాడ్ తగిలిస్తే పోలేదా అనేవారూ ఉన్నారు. 4 అంగుళాల గ్రైండర్ నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. ఇనుము కోయడానికి పుట్టినదాన్ని క్లియర్ కోట్ మీద పెట్టడం కొడవలితో గడ్డం గీసుకోవడమే.

నా డప్పు నేనే కొట్టుకుంటున్నానని అనిపిస్తే, మావాళ్ళ లోపాలూ వినండి. అందరి వలయం ఒకటి కాదు. 8 మిల్లీమీటర్ల రకం పట్టుకోవడానికి సులువు, పని నెమ్మది. ఇటలీలో 1947లో మొదలైన రూపెస్ కంపెనీకి పేరు తెచ్చినవి 15, 21 మిల్లీమీటర్ల వలయాలు. 21 రకం వెడల్పాటి బానెట్ మీద చకచకా సాగుతుంది. చిన్నకారు బంపర్ వంపుల్లో, తలుపు మలుపుల్లో మాటిమాటికీ ఆగుతుంది. మన వీధుల్లో తిరిగే చిన్నకార్లకు 5 అంగుళాల ప్యాడ్ పట్టే 15 లేదా అంతకు లోపు రకం చాలు. వాట్ల అంకె చూసి మోసపోవద్దు; వేగం తగ్గించే మీట, ఊళ్ళో దొరికే కార్బన్ బ్రష్షులు, చెయ్యి ఓపగల బరువు చూడండి. మా వంశం పేరే పెట్టుకుని గేర్లతో ప్యాడ్‌ను బలవంతంగా తిప్పే రకమూ ఉంది. అది అంత తేలిగ్గా ఆగదు. కొట్టులోనే, వైరు ప్లగ్గులో పెట్టకముందే ప్యాడ్‌ను వేలితో తిప్పి చూడండి. వదులుగా తిరిగితే అది నా తోబుట్టువే.

ఇంత తెలిసి కొన్నా, మాలో చాలామంది గతి అటకే. మొదటి ఆదివారం ముద్దులు, మూడో ఆదివారం మూల. ప్యాడ్‌లో కాంపౌండ్ అనే పాలిష్ ముద్ద ఎండి రాయవుతుంది. తడిగా వదిలేసిన స్పాంజి చివికిపోతుంది. గాలి కోసం నా ఒంటికి పెట్టిన కంతల్లోంచి ఉప్పుగాలి బేరింగుల్లోకి చేరుతుంది. పని మధ్యలో ప్యాడ్‌ను నేల మీద పెడతారు; ఒక్క ఇసుక రేణువు ఇరుక్కుంటే చాలు, గీతలు తీసేదాన్ని కాస్తా గీసేదాన్నవుతాను, తిట్లూ నాకే. బ్రష్షులు అరిగి నేను ఆగితే మోటారు కాలిందని తేల్చేస్తారు. చిన్న బొగ్గుముక్కలు రెండు మారిస్తే లేచి కూర్చునేదాన్ని. ఆ మాట ఎవరికీ తట్టదు. చివరికి పాత ఇనపసామాన్ల బండి వస్తుంది. నాలోని రాగితీగకు తూకం వేస్తారు. ఎక్కడ ఆగాలో తెలిసిన నా నేర్పుకు ఏ కాటాలోనూ రాయి లేదు.

ఏడాదికి ఒకటి రెండుసార్లు వాడేదాన్ని కొనడమెందుకు, షెడ్డుకిస్తే సరిపోదా అని చివరగా అడుగుతారు. బోలెడు నీళ్ళతో ఇసుక కారిపోయాక మెత్తటి గుడ్డ వెయ్యడానికి ఓపిక లేనివారికి షెడ్డే మేలు. ఆ ఓపిక ఉన్నవారికి నాతో పని నిజంగానే తక్కువ పడుతుంది. అలాంటి ఇంట్లో, కడిగి ఆరబెట్టిన ప్యాడ్ పక్కన, మూత బిగించిన డబ్బాలో నెలల తరబడి ఖాళీగా ఉండటం నాకు చిన్నతనం కాదు. అక్కడ నేను ఖాళీగా ఉన్నానంటే, బయట కారు మీద మైక్రాన్లు ఇంకా మిగిలే ఉన్నాయన్నమాట.