ఇంకో మూడు వేలు పెడితే

నలభై మూడు రోజులు. ఈలోగా మా అపార్టుమెంటులో ఇద్దరు కార్లు కొన్నారు. ఒకాయన శంకర్‌పల్లి అవతల ప్లాటు కొని రిజిస్ట్రేషన్ కూడా చేయించేశాడు. మూడో అంతస్తు వాళ్లమ్మాయికి సంబంధం కుదిరి, తాంబూలాలు పుచ్చుకోవడం అయిపోయి, కేటరింగు దగ్గర గొడవ మొదలైంది. నేను మాత్రం ఒక్క దుర్భిణికి ఎంత పెట్టాలో తేల్చుకోలేక, రాత్రి పదకొండింటికి దుప్పట్లో ఫోను పెట్టుకుని గాజు మీద పూతల గురించి చదువుకుంటూ ఉండిపోయాను. మొదటి రోజు మా ఆవిడ "ఏ గాజులండీ?" అని ఆశగా ఇటు తిరిగింది. కటకాలని తెలిశాక అటు తిరిగి పడుకుంది. మళ్లీ ఇటు తిరగలేదు.

మొదట అనుకున్నది రెండు వేలు. పొద్దున్నే అమీన్‌పూర్ చెరువు గట్టు మీద నడుస్తాను. ఆ చెరువుని 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. ప్రకటించిన దగ్గర్నుంచి దాని చుట్టుపక్కల అన్నిటికంటే వేగంగా పెరిగిన జాతి అపార్టుమెంటు. అయినా చలికాలం వస్తే నీళ్ల మధ్యలో నల్లగా ఏవో తేలుతుంటాయి. అవి బాతులో, ఎవరో తాగి విసిరేసిన కొబ్బరి బోండాలో తెలుసుకోవడానికి రెండు వేలు ధర్మమైన ధరే అనిపించింది.

కోఠీలో కెమెరా షాపు కుర్రాడు దాన్ని నా చేతికివ్వకుండానే పక్కన పెట్టేశాడు. "అది పిల్లలు ఆడుకునేది సార్. ఇంకో మూడు వేలు పెడితే..."

ఈ 'ఇంకో మూడు వేలు' అన్న మాట మొదట అన్నవాణ్ని ఒకసారి దగ్గరగా చూడాలని ఉంది. ఐదు వేలదాంట్లో పట్టకాలు మామూలు గాజువి. ఇంకో మూడు పెడితే బాక్-4 గాజు. సరే అనేలోపు, వానలో తడిస్తే దాని లోపల ఆవిరి పడుతుందన్నాడు. ఇంకో మూడు పెడితే లోపల నైట్రోజన్ నింపి బిగిస్తారట. మనం పీల్చే గాలిలో 78 శాతం అదే. అరవై ఒక్క ఏళ్లుగా దమ్మిడీ ఇవ్వకుండా పీల్చి వదిలేసిన సరుక్కి ఇప్పుడు మూడు వేలు! ఆ పైన తెల్లకొంగ అంచున ఊదారంగు గీత పడకుండా ఈడీ గాజు. ఆ పైన ఫేజ్ పూత. ఇరవై దాటింది, ముప్ఫై దాటింది. అలిపిరి నుంచి కొండమీదికి 3,550 మెట్లు. వాటికైనా ఒక చివరుంది, చివర దేవుడున్నాడు. ఈ మెట్లెక్కిపోతే చివర ఆస్ట్రియావాళ్ల స్వరోస్కీ, జర్మనీవాళ్ల జైస్, లైకా ఉన్నాయి. అక్కడ దర్శనం టికెట్టు రెండు లక్షల పైమాట.

నేనూ తక్కువ తిన్నవాణ్నేం కాదు. బ్యాంకులో ముప్ఫై నాలుగేళ్లు చేశాను, నోటు చేతికి తగిలితే మంచిదో దొంగదో చెప్పేవాణ్ని. ప్రతి దుర్భిణినీ ఒక కన్ను మూసి, ఆ తర్వాత రెండో కన్ను మూసి పరీక్ష చేశాను. ఎడమ గొట్టం తళతళ. కుడి గొట్టంలోంచి చూస్తే ఎదురు షాపు తెల్లబోర్డు పసుపునీళ్లలో ముంచి ఆరేసినట్టు ఉంది. ఐదు వేలదాంట్లోనూ అంతే, పద్దెనిమిది వేలదాంట్లోనూ అంతే. కుర్రాడికి చూపిస్తే "బాగానే ఉంది కదా సార్" అన్నాడు. అమ్మేవాడికి ఎప్పుడూ బాగానే ఉంటుంది. ఇంటికి తెప్పించుకున్న మూడూ ఆ కుడి గొట్టం దగ్గరే దొరికిపోయాయి. మూడూ వాపసు. మూడోసారి పట్టుకెళ్లడానికి వచ్చిన అబ్బాయి బెల్లు కొట్టి, "మళ్లీ కుడివైపేనా అంకుల్?" అని అడిగాడు. ప్రపంచంలో ఉన్న కంపెనీలన్నీ కూడబలుక్కుని ఒకే గొట్టం దగ్గర కక్కుర్తిపడ్డాయని నేను నిర్ధారించుకున్నాను. రెండో గొట్టం దాకా ఎవడు చూస్తాడులే అని వాళ్ల ధీమా.

డల్లాస్‌లో ఉన్న మా బావమరిదికి ఫోన్ చేశాను. అతను ఏటా నవంబరులో ఆఫీసువాళ్లతో కలిసి దుప్పుల వేటకి వెళ్తాడు. ఇక్కడ మా అత్తగారికి మాత్రం 'క్యాంపింగ్' అని చెబుతాడు. ఆవిడ దాన్ని ఏదో యోగా శిబిరం అనుకుంటోంది.

"బావా, ఇక్కడ వేటగాళ్ల లెక్క ఒకటే. తుపాకికి ఎంత పెట్టావో అద్దాలకీ అంత పెట్టాలి" అన్నాడు.

నా దగ్గరున్న తుపాకి ఖరీదు సున్నా. దానికి సమానమైన దుర్భిణి కోసం నెలన్నరగా తిరుగుతున్నానన్నమాట. 'ఒక్కసారి కొను, ఒక్కసారే ఏడువు' అని కూడా వాళ్లలో ఓ మాట ఉందట. మన దగ్గర ఏడుపుక్కూడా ఈఎంఐ సౌకర్యం ఉంది, ఆ సంగతి వాళ్లకి తెలియదు పాపం.

అతను చెప్పినదాంట్లో ఒక్కటి మాత్రం మనసులో ఉండిపోయింది. దుప్పులు బయటికొచ్చేది తెల్లవారుజామున, మళ్లీ మునిమాపు వేళ. "మిట్టమధ్యాహ్నం ఎనిమిది వేలదానికీ ఎనభై వేలదానికీ పెద్ద తేడా తెలియదు బావా. పొద్దుగూకాక చివరి పావుగంట ఉంటుందే, డబ్బంతా దానికే." నేను వెళ్లేది ఎండెక్కాక ఏడింటికి. పైగా ఈ దేశంలో 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక వేట మాటెత్తకూడదు. అయినా నేను తెప్పించిన ప్రతి పెట్టె మీదా కొమ్ములు తిరిగిన దుప్పి, చెట్టాకుల చొక్కా తొడుక్కున్న దొర. అవి చూసి మా వాచ్‌మన్ నాతో మాట్లాడే తీరే మారిపోయింది.

ఆ వాచ్‌మన్‌తో సహా అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: "ఎంత దూరం కనిపిస్తుంది సార్?" దీనికి జవాబు చెప్పి చెప్పి నోరు నొప్పిపుట్టింది. దుర్భిణికి దూరం ఉండదయ్యా, చందమామ 3,84,000 కిలోమీటర్ల అవతల ఉన్నా ఉత్తకళ్లకే కనిపించడం లేదా, 8x42 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా కనిపిస్తుందనీ, ముందు కటకం 42 మిల్లీమీటర్లనీ అర్థం, అని మొదలుపెట్టి, 42ని 8తో భాగిస్తే వచ్చే 5.25 మిల్లీమీటర్లే కంటికి అందే వెలుగుచుక్క అనేదాకా వెళ్తాను. చీకట్లో కుర్రవాళ్ల కనుపాప ఏడు మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటుంది. అరవై దాటినవాళ్లది ఐదు తెరుచుకున్నా గొప్పే. అంటే డబ్బు పోసి కొన్న వెలుగులో కొంత గడప బయటే చెప్పులు విడిచి నిలబడిపోతుంది. ఇదంతా విన్నాక వాచ్‌మన్ అన్నాడు: "చందమామ ఊరికే కనిపిస్తున్నప్పుడు ఇదెందుకు సార్?"

అసలు వాళ్లననుకుని లాభం లేదు. దుర్భిణి గురించి మనకి తెలిసిందంతా సినిమాల్లోంచి తెలిసిందే. సినిమాలో దాన్ని పట్టుకున్న మనిషిని చూపించి, వెంటనే అతను చూసేది చూపిస్తారు. తెరంతా నలుపు, మధ్యలో రెండు గుండ్రాలు ఒకదాన్నొకటి ఒరుసుకుని, ఎనిమిది అంకెని పక్కమీద పడుకోబెట్టినట్టు. ఎడమ సున్నాలో హీరోయిన్, కుడి సున్నాలో జలపాతం. నేను అరవై ఏళ్లు అదే నిజమనుకున్నాను. తీరా మొదటిసారి నిజం దుర్భిణి కళ్లకి పెట్టుకుంటే ఒక్కటే గుండ్రం కనిపించింది. ఇంకో సున్నా ఏదయ్యా అని షాపు కుర్రాడితో పది నిమిషాలు దెబ్బలాడాను. వాడి ముందు నా పరువు పోయింది అప్పుడే.

సినిమాలో దుర్భిణి ఉండేది విలన్ దగ్గర. వాడు కొండ మీద నిలబడతాడు, నెత్తిన టోపీ ఉంటుంది. ఫోకస్ తిప్పడు. కళ్ల మధ్య దూరం సర్దుకోడు. పెట్టగానే కనిపించేస్తుంది. "వాడే!" అని పక్కన అనుచరుడికి అందిస్తాడు, ఆ అనుచరుడి కళ్లకీ అదే ఫోకస్ సరిపోతుంది. ఇద్దరిదీ ఒకే సైటు, బహుశా ఒకే కళ్ల డాక్టరు. హీరోయిన్ చెట్ల చుట్టూ ఎటు పరిగెత్తితే ఆ ఎనిమిది అటు పరిగెడుతుంది. వణకదు. నేను పది రెట్లదాంట్లో చూస్తే గుండె కొట్టుకున్నప్పుడల్లా బాతు ఎగిరెగిరి పడుతుంది, దాని ఆరోగ్యం గురించి కంగారుపడి చూస్తే అది నా నాడి. అన్నిటికంటే ఘోరం, రెండు మైళ్ల అవతల హీరో హీరోయిన్ చెవిలో చెప్పే మాట కూడా విలన్‌కి వినిపిస్తుంది. శబ్దాన్ని దగ్గరికి లాగే ఆ పూతకి వాడు ఎంత పెట్టాడో ఎవరూ అడగరు. అంత సరుకు చేతిలో ఉండి, ఆఖరి రీలులో వెనకనుంచి హీరో రావడం మాత్రం వాడికి కనపడదు.

జానపద సినిమాల్లో ఈ బాధలేవీ లేవు. మాంత్రికుడు అద్దం మీద చెయ్యి తిప్పి "చూపించు" అంటే చూపించేది. నైట్రోజన్ లేదు, వారంటీ లేదు, కళ్లజోడు మీదనుంచి చూడొచ్చా లేదా అన్న మీమాంస లేదు. ఇంకా వెనక్కి వెళ్తే సంజయుడు హస్తినలో కూర్చుని కురుక్షేత్రమంతా చెప్పాడు. ఆ దివ్యదృష్టి మొదట ఇస్తానన్నది ధృతరాష్ట్రుడికే. వ్యాసుడంతటివాడు ఎదురొచ్చి ఇస్తానంటే ఆయన వద్దన్నాడు. కొడుకులు చావడం చూడలేకే వద్దన్నాడని పెద్దలు చెబుతారు. నాకెందుకో ఆయన కూడా ఇంకో మూడు వేల దగ్గర ఆగిపోయాడేమోనని అనుమానం.

ఎక్కడున్నాను? కుడి గొట్టం.

కాదు, దానికి ముందు ఐతన్న సంగతి చెప్పాలి. ఎందుకంటే ఆయన గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది, ఆయన మీద కాదు. కలివికోడి అనే పిట్ట గురించి 1848లో జెర్డన్ దొర లోకానికి చెప్పాడు. 1900 తర్వాత అది ఎవరికీ కనపడలేదు. పోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర, ఆ పిట్ట కోసం వెతుకుతున్న శాస్త్రవేత్తకి ఐతన్న అనే వేటగాడు దాన్ని బతికుండగా పట్టుకొచ్చి చూపించాడు. ఎనభై ఆరేళ్లుగా లోకం చూడనిది ఆయన రాత్రిపూట టార్చిలైటు వేసి చూశాడు. ఆ టార్చికి ఫేజ్ పూత లేదు. సెల్లులు ఉండేవి, అంతే. నేను మాత్రం బూడిదరంగు కొబ్బరి బోండాం కోసం ఈడీ గాజు బేరం చేస్తున్నాను.

ఒక కంపెనీ జీవితకాలం వారంటీ ఇస్తోంది. ఎవరి జీవితకాలమో అందులో రాయలేదు. బ్యాంకు బుద్ధి పోదు కదా, ఒక రాత్రి ధరని నాకు మిగిలిన చలికాలాలతో భాగించి చూశాను. పదిహేను వేసుకుంటే బాగానే ఉంది. పది వేసుకుంటే పర్వాలేదు. ఎనిమిది కొట్టబోయి ఫోను పక్కన పెట్టేశాను. అమ్మాయి పెళ్లిలో కేటరింగువాడు చివరి నిమిషంలో ప్లేటుకి నూట యాభై పెంచితే, ఆరొందల ప్లేట్లకి ఎంతవుతుందని కూడా అడగలేదు. తొంభై వేలు. నాన్న ఆపరేషనప్పుడూ అబ్బాయి ఫీజప్పుడూ ఏ మెట్టు మీదా ఆగింది లేదు. ఎవరికీ పెట్టడానికి కాకుండా, దాచడానికి కాకుండా, ఒక బాతు రెక్క మీద ఉన్న ఆకుపచ్చని నేనొక్కణ్నే ఊరికే చూడ్డానికి డబ్బు తియ్యడం ఎలాగో నాకు అలవాటు లేదు. నలభై మూడు రోజులు పట్టిందంటే పట్టదా మరి.

నలభై నాలుగో రోజున మా ఆవిడ, "ఆ గొట్టాలకి చేసిన పరీక్షలు చాలు, మీ కళ్లకి చేయిద్దాం పదండి" అని కళ్ల ఆసుపత్రికి లాక్కెళ్లింది. డాక్టరమ్మ లైటు వేసి ఒక కంట్లోకి చూసింది, రెండో కంట్లోకి ఇంకాసేపు చూసింది.

"కుడి కంట్లో శుక్లం బాగా ముదిరిందండీ. కటకం పసుపెక్కిపోయింది. తెల్లటివి పచ్చగా కనిపించడం లేదూ?"

"కనిపిస్తున్నాయండీ. కంపెనీలవాళ్ల మోసమనుకున్నాను."

మా ఆవిడ గోడ మీద కంటిబొమ్మ వైపు తిరిగి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. ఆ మూడు పెట్టెలూ, కోఠీ కుర్రాడూ, బెల్లు కొట్టిన అబ్బాయీ అందరూ ఒకేసారి గుర్తొచ్చారు. వీళ్లలో కనీసం ఒకరికైనా క్షమాపణ చెప్పుకోవాలి, ఎవరి దగ్గర మొదలుపెట్టాలో ఇంకా తేల్చుకోలేదు.

ఆపరేషన్ వివరాలు చెప్పే గదిలో ఓ చిన్నపిల్ల నున్నటి కాగితం మా ముందు పరిచింది. దాని మీద మూడు కటకాల బొమ్మలు, మూడు ధరలు.

"ఇది మామూలుది అంకుల్. దూరం బాగుంటుంది, పేపరు చదవాలంటే కళ్లజోడు పెట్టుకోవాలి. ఇంకో పన్నెండు వేలు పెడితే..."

నేను నోరు తెరిచేలోపు మా ఆవిడ, "పైదే వెయ్యండమ్మా" అంది. ఎంతని అడగలేదు. పూత గురించి అడగలేదు.

ఆ పిల్ల కాగితం మీద టిక్కు పెట్టుకుంటుంటే నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

"దీంతో ఎంత దూరం కనిపిస్తుందమ్మా?"

పెన్ను ఆపి నావైపు చూసింది. "మీకు ఎంత దూరం కనిపించాలి అంకుల్?"

అమీన్‌పూర్ చెరువు అవతలి గట్టు దాకా చాలన్నాను.