నైలు గట్టున రావికమతం బావ

మా బావది రావికమతం. ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు. పరిచయమైన మూడో నిమిషంలో ఆయనే చెబుతాడు. అయిదో నిమిషానికి మీ ఊళ్ళో లేనివి అక్కడ ఏమేం ఉన్నాయో లెక్క మొదలెడతాడు. ఈ బాపతు మనుషులు మీకూ తెలుసు. కాశీలో కాఫీ తాగి మా రోడ్డు మీద హోటలే నయం అంటారు. ఊటీ చలికి వణుకుతూ మా పాడేరు ముందు ఇదెంత అంటారు. లోకమంతా తిరగడానికి వీళ్ళకి అభ్యంతరం ఉండదు, ఊరిని కూడా వెంట తీసుకెళ్ళనిస్తే చాలు.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు రావికమతం అనకాపల్లి జిల్లాలోకి పోయింది. బావ ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఏ ఫారం ఇచ్చినా విశాఖపట్నం జిల్లా అనే రాస్తాడు. "నాను పుట్టింది ఏ జిల్లాయో అదే నా జిల్లా. మధ్యలో మార్చడానికి నానేటి, బదిలీ అయిన గుమస్తానా?" అంటాడు.

అలాంటి మనిషికి షష్టిపూర్తి కానుకగా పెద్దమ్మాయి ఈజిప్టు టూరు టిక్కెట్లు తీసి పంపింది. పిరమిడ్లు చూడాలని ఏనాటి నుంచో కోరిక ఉన్నది మా అక్కకి. బావకి చెరుకు నరుకుడు సమయంలో ఊరు వదలడమే ఇష్టం లేదు. ఇద్దరికీ ఇంగ్లీషు రాదు కనుక మధ్యలో దుబాసీగా నన్ను తగిలించారు.

సామాను సంగతి ముందు చెప్పాలి. బియ్యం, కందిపొడి, ఆవకాయ, చిన్న కుక్కరు, మాడుగుల హల్వా, రెండు బెల్లం దిమ్మలు. "ఎన్నాళ్ళకే ఇదంతా?" అంటే, "పరాయి దేశం తమ్ముడూ, ఏం దొరుకుతుందో ఏమో" అంది అక్క. కైరోలో టుటన్‌ఖామన్ సమాధి సామాను చూశాకగానీ ఆవిడ ఒంటరిది కాదని తెలియలేదు. 1922లో హోవర్డ్ కార్టర్ తెరిచిన ఆ సమాధిలో అయిదు వేలకు పైగా వస్తువులున్నాయి. మంచాలు, కుర్చీలు, చెప్పులు, రథాలు, ద్రాక్షసారా జాడీలు, పెట్టెల్లో మాంసం. పరలోక ప్రయాణానికి ఏం కావలసి వస్తుందో ఏమోనని. బావ అద్దాల పెట్టెలన్నీ ఓపిగ్గా తిరిగి చూసి, "అచ్చం మీ అక్కలాగే సర్దేరురా. కుక్కరొక్కటే మరిచిపోనారు" అన్నాడు.

గీజాలో పెద్ద పిరమిడ్ ముందు నిలబెట్టి గైడు గొంతు సవరించుకున్నాడు. ఖుఫూ రాజుది. కట్టినప్పుడు ఎత్తు 146 మీటర్ల పైచిలుకు. సుమారు 23 లక్షల రాళ్ళు. నాలుగున్నర వేల ఏళ్ళ నాటిది. మాతో వచ్చినవాళ్ళంతా 'ఆహా' అన్నారు. బావ అనలేదు.

"కూలెంతిచ్చేవోరో అడుగు."

అడిగాను. రొట్టెలు, బీరు ఇచ్చేవారనీ, బానిసలని జనం అనుకుంటారుగానీ పక్కనే కూలీల ఊరూ, వాళ్ళ సమాధులూ తవ్వకాల్లో బయటపడ్డాయనీ, తిండి బాగానే పెట్టేవారనీ గైడు చెప్పాడు.

"అంటే ఉపాధి హామీ పనే. మనకాడ చెరువులు తవ్వుతారు, ఈళ్ళు గోరీలు కట్టేరు."

ఆయన ఏమన్నారని గైడు అడిగాడు. "చాలా మెచ్చుకుంటున్నారు" అన్నాను. యాత్ర పొడుగునా నా తర్జుమా ఇంచుమించు ఈ ఒక్క వాక్యంతోనే గడిచింది.

అయితే ఆ పూట పరువు నిలిపింది కూడా బావే. అక్కడ ఒంటెవాళ్ళు కారుచౌకగా ఎక్కించుకుంటారు. పైనుంచి దింపమన్నప్పుడు అసలు ధర బయటికొస్తుంది. మా బృందంలో చదువుకున్నవాళ్ళంతా ఒంటె మీద కూచుని బేరాలాడుతూ, బక్షీసులిస్తూ చెమటలు కక్కారు. సంతలో ఎడ్లు కొన్న మనిషి బావ. "ఎక్కడానికెంతని కాదురా, దింపడానికెంతో ముందడుగు" అన్నాడు. ఆ ఒంటెవాడు బావకేసి వృత్తి గౌరవంతో చూశాడు.

సింహిక దగ్గర మాత్రం బావకి కోపం వచ్చింది. 73 మీటర్ల పొడవున సింహం ఒళ్ళూ మనిషి తలా ఏకశిలలో చెక్కిన ఆ బొమ్మకి ముక్కు లేదు. నెపోలియన్ ఫిరంగులు పేల్చి కొట్టాడని ఒక ప్రచారం. అది తప్పు. ఆయన పుట్టక ముందే, 1737లో నోర్డెన్ అనే డెన్మార్క్ యాత్రికుడు గీసిన బొమ్మలోనే ముక్కు లేదు. ఇదంతా నేను వివరిస్తుంటే బావ వినిపించుకోలేదు.

"ఎవడైతేనేటి? సేతులు ఊరుకోని ఎదవెవడో. ఇంత పనితనం మీద రాయెయ్యడానికి మనసెలాగొచ్చిందిరా?"

అక్క అప్పటిదాకా గొడుగు కింద మౌనంగా ఉంది. "కనుమనాడు బొజ్జన్నకొండ మీద రాళ్ళు రువ్వినోళ్ళలో మీరు లేరేటి?" అంది.

తెలియనివాళ్ళకి చెబుతున్నాను. అనకాపల్లి పక్కన శంకరం ఊళ్ళో బొజ్జన్నకొండ ఉంది. బౌద్ధుల చోటు. కొండ రాతినే తొలిచి చేసిన గుహలు, వాటిల్లో బుద్ధుడి విగ్రహాలు, పక్కన లింగాలకొండ మీద వరసలు వరసలుగా ఏకశిలా స్తూపాలు. 1906లో అలెగ్జాండర్ రే తవ్వకాలు మొదలెట్టి వెలికి తీశాడు. ఏటా కనుమకి అక్కడ తీర్థం. ఒకప్పుడు అక్కడున్నది రాక్షసుడని నమ్మి, ఆ రోజు జనం రాళ్ళు రువ్వేవారు. తర్వాత పెద్దలు పూనుకుని ఆ ఆచారం మాన్పించారు.

బావ చాలాసేపు ఎడారికేసి చూశాడు. "సిన్నప్పుడు" అన్నాడు చివరికి. "నాది తగల్లేదు కూడా."

కైరోలో మమ్మీలున్న చోటికి వెళ్ళాం. 2021లో ఇరవై రెండు మంది రాజులనీ రాణులనీ ఊరేగింపుగా తెచ్చి కొత్త మ్యూజియంలో పెట్టారు. చీకటి గది, మాట్లాడకూడదు. బావ నా చెవిలో, "మనకీ ఒకటుంది హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లో. నిజాం ఉస్మాన్ అలీఖాన్ గారిచ్చిందే. ఈ ఇమానం టిక్కెట్టు డబ్బుల్తో ఆ ఒక్కదాన్నీ ఊరంతా కలిసి సూసొచ్చేవోళ్ళం" అని గొణిగాడు. కాపలావాడు ఉష్ అన్నాడు. రెండో రామ్సెస్ అప్పటికే నిద్రలో ఉన్నాడు కనుక సరిపోయింది.

లక్సర్ చేరాక బావ వేరే మనిషైపోయాడు. నైలు నదికి రెండు పక్కలా చెరుకు తోటలు! బస్సు ఆపమని గోల. లక్సర్ నుంచి అస్వాన్ దాకా చెరుకే ముఖ్య పంట. నరికిన చెరుకుని చిన్న రైళ్ళ మీద మిల్లులకి తోలతారు. కోమ్ ఓంబో ఊళ్ళో అయితే మొసలి దేవుడి గుడి ఒక పక్క, పంచదార ఫ్యాక్టరీ ఒక పక్క. బావ ఏ పక్కకి తిరిగి నమస్కారం పెట్టాడో చెప్పక్కర్లేదు. కర్ణాక్ ఆలయంలో 134 మహా స్తంభాల మంటపం కింద గైడు గొంతు చించుకుంటుంటే, బావ గేటు బయట రసం బండివాడికి అల్లం, నిమ్మకాయ ప్రాముఖ్యం సైగలతో బోధిస్తున్నాడు. ఉత్త చెరుకు రసం గ్లాసులో పోసి ఇవ్వడం ఆయన దృష్టిలో అనాగరికం. బెల్లం ముక్క విరిచి వాడి చేతిలో పెట్టాడు. వాడు నాకి, కళ్ళు పెద్దవి చేశాడు. నాకు తెలిసినంతలో ఆ యాత్రలో రెండు నాగరికతలు నిజంగా కలుసుకున్నది అక్కడే.

దేర్ ఎల్ మదీనాలో బావ బొత్తిగా కదల్లేదు. రాజుల సమాధులు తవ్విన పనివాళ్ళ ఊరది. మూడో రామ్సెస్ కాలంలో, సుమారు క్రీ.పూ. 1157లో, జీతం కింద రావలసిన ధాన్యం రాక ఆ పనివాళ్ళు పనిముట్లు పడేసి గుళ్ళ వెనక బైఠాయించారు. రాతపూర్వకంగా దొరికిన మొదటి సమ్మె అదేనంటారు. చెరుకు తోలి డబ్బుల కోసం నెలల తరబడి ఎదురుచూసినవాడు బావ. రోడ్డు మీద టెంటు కింద కూచున్నవాడు. ఏ మిల్లని నన్నడక్కండి. "ఇచ్చేరా ఆఖరికి?" అన్నాడు. ఇచ్చారట, మళ్ళీ ఆలస్యం చేశారట, మళ్ళీ కూచున్నారట. "మరదే!" అని ఆ గోడల్ని ఒకసారి తట్టాడు. మూడు వేల ఏళ్ళనాటి తోటి రైతుని భుజం తట్టినట్టుంది.

అఖెనాటెన్ అనే రాజు పాత రాజధాని థీబ్స్‌ని కాదని ఎడారిలో కొత్త రాజధాని కట్టించాడనీ, ఆయన పోయిన కొన్నేళ్ళకే అంతా దాన్ని వదిలేసి పోయారనీ గైడు ఎంతో నాటకీయంగా చెప్పబోయాడు. బావ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇంక సెప్పొద్దను. ఆంధ్రావోళ్ళకి ఈ కథ సెప్పక్కర్లేదు."

అస్వాన్‌లో అక్క వంతు వచ్చింది. అక్కడ కర్కడే అని ఎర్రటి పానీయం ఇస్తారు. ఒక గుక్క తాగి ఆవిడ గ్లాసు దించింది. "ఇది గోంగూర!" నిజమే. ఎర్ర గోంగూర కాయ మీది రేకల్ని ఎండబెట్టి నానబెట్టిందే ఆ షర్బత్తు. ఆకు ఏం చేస్తారో కనుక్కోమంది. ఆకుతో ఏం పని అన్నాడు గైడు. భార్యాభర్తలిద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "అయిదు వేల ఏళ్ళ నాగరికతంట," అంది అక్క జాలిగా, "గోంగూర పచ్చడి తట్టలేదు."

ఆనకట్ట వెనక నాసర్ జలాశయం సముద్రంలా ఉంది. సుమారు 500 కిలోమీటర్ల పొడవు. బావ గట్టు మీద నిలబడి ఒప్పేసుకున్నాడు. "మన కల్యాణపులోవ రిజర్వాయరు లాగే ఉంది. కాస్త పెద్దది."

ఆ నీళ్ళలో మునగకుండా అబూ సింబెల్ గుళ్ళని 1964 నుంచి 1968 దాకా ముక్కలుగా కోసి, 65 మీటర్లు పైకి తెచ్చి మళ్ళీ అతికించారు. మనం నాగార్జునకొండ శిథిలాల్ని సాగర్ నీళ్ళలోంచి పైకి మోసుకున్నదీ ఇంచుమించు ఆ కాలమే. హైస్కూలు విహారయాత్రలో బావ లాంచీ ఎక్కి అది చూసొచ్చాడు. ఇక్కడ పోలికకి నేను కూడా ఎదురు చెప్పలేకపోయాను.

కానీ అబూ సింబెల్ మా కుటుంబ చరిత్రలోకి ఎక్కింది వేరే కారణానికి. ఈజిప్టు గుళ్ళలో రాజు తాటిచెట్టంత ఉంటే రాణి మామూలుగా ఆయన మోకాలి దాకా ఉంటుంది. నెఫర్తారి గుడి ముందు మాత్రం రాణి రాజుతో సమానం ఎత్తు. అక్క ఆ మాట రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత బావని పిలిచి పక్కన నిలబెట్టి ఫొటో తియ్యమంది. పెళ్ళి ఫొటోలో బావ పీట మీద నిలబడ్డాడన్నది మా ఇంట్లో ఎవరూ పైకి అనని రహస్యం. ఆ పూట పీట లేదు. ఆ ఫొటో ఇప్పుడు రావికమతం ఇంట్లో నట్టింట్లో ఉంది.

బావతో ప్రయాణం చేస్తే తల ప్రాణం తోకకొస్తుంది, నిజమే. కానీ ఇంటికొచ్చాక చూసుకుంటే నా దగ్గర మిగిలింది 146 మీటర్లన్న అంకె. అంత ఎత్తంటే ఎంతో నాకిప్పటికీ తెలీదు. బావకి తెలుసు. వాళ్ళ కల్లం గట్టు మీది చింతచెట్టు మీద అలాంటివి ఇంకెన్ని నిలబెట్టాలో గీజాలోనే లెక్క తేల్చుకున్నాడు. అసూయతో చెబుతున్నాను, ఆ లెక్క నాకు చెప్పలేదు.

విమానాశ్రయంలో గైడుకి వీడ్కోలు చెబుతూ మిగిలిన బెల్లం దిమ్మ చేతిలో పెట్టాడు బావ. ఆయన మొహమాటంగా నవ్వి, రావికమతం చూడ్డానికి ఏ నెల మంచిదని అడిగాడు. నా తర్జుమా వృత్తిలో నిజాయితీగా అప్పజెప్పిన వాక్యం అదొక్కటే.

బావ మొహం వెలిగిపోయింది. "సంక్రాంతికి రమ్మను! గానుగలాడుతుంటాయి, వేడి పాకం పోస్తాను. కల్యాణపులోవ సూపిస్తాను. కనుమకి బొజ్జన్నకొండ తీసుకెళ్తాను."

"తీసుకెళ్ళండి," అంది అక్క, బోర్డింగు కాగితాలు లెక్కపెట్టుకుంటూ. "బయల్దేరే ముందు మీ జేబులు మాత్రం నేను సూస్తాను."